క్లోరోఫారం తగాదా – మన హైదరాబాదు పరిశోధనలు

శాస్త్రానికి కులం, భాష, దేశం లేవని బడిలో పిల్లలకు చెబుతాం. మంచి మాటే. అయితే శాస్త్రం చేసేవాళ్ళు మనుషులే గదా! వాళ్ళకు గురువులుంటారు, ఊరి అభిమానం ఉంటుంది, ఖర్చు భరించే ప్రభువులుంటారు. ఇవన్నీ శాస్త్రాన్ని ఎటు లాగుతాయో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. మన హైదరాబాదు చరిత్ర చాలు.

1847లో ఎడింబరో డాక్టరు జేమ్స్ సింప్సన్ క్లోరోఫారం మత్తును వాడుకలోకి తెచ్చాడు. 1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి వెళ్ళి ఆ మత్తులోనే ప్రాణం విడిచింది. అక్కడినుంచి తగాదా మొదలు. ఈ మత్తు ముందు ఆపేది ఊపిరినా, గుండెనా?

ఎడింబరోలో మత్తు ఇచ్చేది కుర్ర డాక్టర్లు. గుడ్డమీద మందు పోసి ఇచ్చేవారు. రోగి ఊపిరి కనిపెట్టి ఉంటే చాలునని సర్జన్ జేమ్స్ సైమ్ నేర్పాడు. లండనులో అది ప్రత్యేక వృత్తి అయింది, పరికరాలు వచ్చాయి, నాడిమీద వేలు తీయరాదన్నారు. ఎవరి గురువు మాట వారికి వేదవాక్కు.

సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. గురువు మాటే ఇక్కడి మెడికల్ స్కూలులో నేర్పాడు. 1888లో ఒక కమిషన్ కుక్కలమీద ప్రయోగాలు చేసి, గుండెకు భయం లేదన్నది. లండన్ పత్రిక లాన్సెట్ నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపండన్నారు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా జంతువులమీద పరీక్షలు జరిగాయి. గుండెకు ప్రమాదం ఉందనుకుంటూ వచ్చిన బ్రంటన్ కూడా చివరకు లారీ పక్షమే అయ్యాడు.

కథ అంతటితో ముగియలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు క్లోరోఫారం గుండెను నేరుగా బలహీనం చేస్తుందని చూపారు. లారీ ఒప్పుకోలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులమీద పరీక్షించి, మత్తు తక్కువగా ఉన్నప్పుడే గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోవచ్చునని తేల్చాడు. అంటే గుండెకు భయం లేదన్న హైదరాబాదు మాట తప్పు. భయపడి కొద్దికొద్దిగా మందిచ్చే పద్ధతిలోనూ ప్రమాదం ఉన్నది. ఈ తగాదా నడిచినన్నాళ్ళూ ఆపరేషన్ బల్లమీద పడుకున్నది మాత్రం పేద రోగులు.

ఇంకొక సంగతి. 1846లో మొదలైన మన మెడికల్ స్కూలులో మొదట్లో పాఠాలు ఉర్దూలోనే చెప్పారు. అందులో చదివిన పార్సీ మహిళ రూపాబాయి ఫర్దూన్‌జీ, లారీ దగ్గర పనిచేసి, ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరుగా పేరు పొందింది. ఆమె తోటివారు ఎందరో రోజూ క్లోరోఫారం పట్టినవారే. కాని చరిత్రలో పెద్ద అక్షరాలతో పడినవి లారీ, బ్రంటన్ పేర్లు.

నిజాం ధనం లేకపోతే ఇంత పరిశోధన జరిగేది కాదు, అది ఒప్పుకోవాలి. అయితే ధనం, పదవి, గురుభక్తి కలిసినా గుండె తన స్వభావం మార్చుకోలేదు. తప్పు బయటపడింది వేరేచోట, వేరేవాళ్ళు మళ్ళీ పరీక్షించినందువల్లనే. కనుక మన పిల్లలు సైన్సు పుస్తకం చదివేటప్పుడు ఎవరు చెప్పారు, ఎవరు ఖర్చు పెట్టారు, కాదన్నవారు మళ్ళీ చూశారా అని అడగడం నేర్చుకోవాలి. తల్లిదండ్రులు ఆ ప్రశ్నకు కోపగించరాదు.