సమాధులు చెప్పే లెక్క

రాయికల్ మండలం బోర్నపల్లి దగ్గర గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. ఆ అడవుల్లోని మార్లవాయిలో హైమన్‌డార్ఫ్, బెట్టీ ఎలిజబెత్ దంపతుల సమాధులు పక్కపక్కనే ఉన్నాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల బతుకులను తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. బెట్టీ 1987లో, ఆయన 1995లో కన్నుమూశారు. గోండులు నేటికీ వారి వర్ధంతి జరుపుతారు.

ఇంద్రవెల్లి స్థూపానిది వేరే కథ. 1981 ఏప్రిల్ 20 నాటి పోలీసు కాల్పుల్లో చనిపోయింది 13 మంది అన్నది సర్కారు లెక్క. జనం చెప్పే లెక్క అంతకన్నా చాలా ఎక్కువ. పేర్లు రాసిపెట్టకపోతే మనిషి లెక్కలోంచే పోతాడు.

మన గూడేల శ్మశానాల్లో ఎందరో పెద్దలు పేరు లేకుండా పడుకుని ఉన్నారు. ముసలివాళ్లు ఉండగానే వారి పేర్లు, వారు కొట్టిన పోడు, చేసిన పోరాటం అడిగి రాసుకుందాం. బడి పిల్లలతోనూ రాయిద్దాం.