వెనుకటి కాశీయాత్రికులు దారి తెలిసికొనిన విధము

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యను సామెత తెలుగునాట నేటికిని వినబడుచుండును. ఇది హాస్యమునకు పుట్టిన మాట కాదు. రైలుబండ్లు లేని కాలమున కాశికి బయలుదేరు గృహస్థుడు ఇల్లువాకిళ్ళ సంగతి చక్కబెట్టి, అప్పులు తీర్చి, మరల వత్తునో రానో యను తలంపుతోనే గడప దాటుచుండెను. నదులు పొంగవచ్చును, దొంగలు కొట్టవచ్చును, వాంతిభేది సోకవచ్చును, చేతనున్న రూపాయి పరాయిసీమలో చెల్లకపోవచ్చును. ఇందులో నేది సంభవించినను యాత్ర నడుమనే నిలిచిపోవును. కావున యాత్రికుడు ప్రయాణమునకు ముందే తెలిసికొనవలసిన సంగతులు పెక్కు లుండెను. ఏ మాసమున బయలుదేరవలెను? ఏ మజిలీలో మంచినీళ్ళు దొరకును? ఎచ్చట సత్రమున్నది? ఏ రేవున నెంత సుంకము పుచ్చుకొందురు? ఈ ప్రశ్నలకు సమాధానములు చెప్పిన వారెవరు? వారి మాటలలో నమ్మదగిన దెంత? ఈ విషయమును విచారింతము.

కాశీ మజిలీ కథలను చదివినవారికి మణిసిద్ధుడు జ్ఞాపకముండును. కాశికి పోగోరిన యా బ్రాహ్మణుడు తోడు దొరకక తుదకొక గోపబాలకుని వెంటబెట్టుకొని, మజిలీ మజిలీకి వానికి కథలు చెప్పుటకు ఒప్పుకొనవలసివచ్చెను. మధిర సుబ్బన్నదీక్షితులుగారు కల్పించిన కథయే యైనను, అందొక చారిత్రక సత్యమున్నది. ఒంటరిగా కాశికి పోవుట మనవారి యూహకు అందని పని. తోడును, తెలిసినవారి మాటయును లేనిదే యాత్ర సాగదు.

దారి సంగతి చెప్పువారిలో మొదటివారు తిరిగివచ్చిన యాత్రికులు. కాశి నుండి గంగ తెచ్చినవాడు ఊరు చేరినపుడు బంధువులకు సమారాధన చేయుట మన యాచారము. ఆనాటి పంక్తిలో వినబడిన ముచ్చటలే ముందు పోబోవువానికి పాఠములు. ఈ మాటలకు విలువ గలదు. చెప్పువాడు స్వయముగ నడచి వచ్చినవాడు. కాని లోపమును గలదు. క్షేత్రమును సేవించి వచ్చినవాడు స్వామి వైభవమును వర్ణించును గాని, ఏ గ్రామమున బావినీళ్ళు ఉప్పగ నుండునో చెప్పుట తక్కువ. పడిన కష్టములు కొన్ని యిల్లు చేరగనే మరపునకు వచ్చును. మరవనివి చెప్పినకొలది పెరుగును. పైగా ఆతడు పోయివచ్చి పదియేండ్లు గడచియుండవచ్చును.

రెండవవారు పండాలు. కాశి, ప్రయాగ, గయ, పూరీ మొదలగు క్షేత్రములందలి పండాలు తమ బహీలలో యాత్రికుల పేర్లను, ఊళ్ళను, వంశములను తరతరములుగా వ్రాసియుంచుకొనిరి. తాత చేవ్రాలును మనుమనికి చూపి యాతనిని తమ యాత్రికునిగ చేసికొందురు. వీరి మనుష్యులు దూరదేశములు తిరిగి, యాత్రికులను కూర్చుకొని, వెంటబెట్టుకొని పోవుటయు గలదు. మార్గము వీరికి తెలిసినంతగ మరియెవరికిని తెలియదు. అయినను వీరి మాట స్వార్థముతో కూడినది. అంగడివాడు తన సరకును గూర్చి చెప్పు మాట అబద్ధము కానక్కరలేదు; కాని ప్రక్క యంగడిలో సరకు చౌకయని యాతడు చెప్పడు.

మూడవది ప్రభుత్వమువారి లెక్క. ఈస్టిండియా కంపెనీవారికి దండు నడపుటకు బాటలు కావలసియుండెను. బంగాళమునందు సర్వేయరు జనరలుగ పనిచేసిన జేమ్సు రెన్నెలు 1778లోనే బంగాళ బిహారు దేశములందలి బాటలను గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. ఇట్టి లెక్కలలో దూరములు సరిగ నుండును. కాని యవి పటాలములకును ఉద్యోగస్థులకును ఉపయోగించునవి. మడిగట్టుకొని వండుకొను ముసలమ్మకు ఏ యూర నూయి యనుకూలమో, ఏ సత్రమున పొయ్యి దొరకునో సర్వేయరునకు ఎందులకు? అదిగాక యా గ్రంథము లింగ్లీషున నుండుటచేత మన యాత్రికులలో చాలమందికి అవి యున్నట్లే తెలియదు.

ఈ మూడు విధములవారి మాటలందును గల కొరతను తీర్చిన గ్రంథమొకటి తెలుగుభాషలో పుట్టినది. అది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. వీరాస్వామయ్యగారు చెన్నపట్టణము సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. వారు 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీని, కుటుంబముతోను, నూరుమందికి దగ్గరగ నుండు పరివారముతోను చెన్నపట్టణము విడిచిరి. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము, జబ్బల్‌పురము, మిర్జాపురము, ప్రయాగల మీదుగ కాశి చేరిరి. అటుపిమ్మట గయను సేవించి, కలకత్తా చూచి, పూరీ జగన్నాథము మీదుగ ఉత్తరసర్కారుల దారిని 1831 సెప్టెంబరు 3వ తేదీకి చెన్నపట్టణము చేరుకొనిరి. ఇది పదునైదున్నర నెలల ప్రయాణము.

ఈ పదునైదు నెలలును వారు తాము చూచిన సంగతులను దినచర్యగ వ్రాసి, కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళ యను మిత్రునకు అప్పుడప్పుడు పంపుచుండిరి. ఏ యూరికి ఏ యూ రెంతదూరము, నడుమ నది గలదా, బాట ఇసుకయా రాయా రేగడియా, ముసాఫరులకు కావలసిన పదార్థములు దొరకునా, దిగుటకు సత్రమో తోపో యున్నదా – ఇట్టి సంగతులు గ్రంథమునిండ గలవు. తిరుపతి మహిమను వర్ణించినవారు వారికి ముందు ఎందరో కలరు. ఆ మార్గమున అంగడి యున్న యూరేదో, లేని యూరేదో వరుసగ వ్రాసిపెట్టినవారు అరుదు.

ఇట్టి చిన్న సంగతులు ఆ కాలమున ప్రాణములతో ముడిపడియుండెను. 1817లో బంగాళమున ప్రబలి దేశమంతట వ్యాపించిన వాంతిభేది, యాత్రికులు గుంపుగూడిన చోటుల నెల్ల పొంచియుండెను. దక్కను రేగడినేల వానకు తడిసినచో మోయు బోయీలకు అడుగు తీసి యడుగు వేయుట కష్టము. బండ్లు ఇరుసులదాక దిగబడును. ద్రవ్యము సంగతియు నట్టిదే. 1835లో కంపెనీవారు తమ రాజ్యమంతటికిని ఒకే రూపాయిని నిర్ణయించుదాక, మద్రాసు రూపాయి వేరు, బంగాళా రూపాయి వేరు. నిజాము రాజ్యమునను నాగపురపు భోసలేల రాజ్యమునను నాణెములు మరల వేరు. వట్టము తెలియనివాడు సరాపు చేతిలో నష్టపోవలసినదే. జబ్బల్‌పురము ప్రాంతములందు ఠగ్గులను పట్టి శిక్షించు పనిని స్లీమను దొర సాగించినదియు ఆ 1830వ సంవత్సరము మొదలుకొనియే. బాటలో తోడుగ కలిసి, తీయగ మాటలాడి, నమ్మించి గొంతు బిగించుటయే ఆ ఠగ్గుల వృత్తి. ఎవరి మాట నమ్మవలెననునది వట్టి వివేకమునకు సంబంధించిన ప్రశ్న కాదు. తప్పు నమ్మకమునకు మూల్యము ప్రాణమే.

మరి వీరాస్వామయ్యగారి మాట యేల నమ్మదగినదైనది? మొదటి కారణము, వారు చూచిననాడే వ్రాసిరి. జ్ఞాపకమునకు వదలలేదు. రెండవది, తేదీ వేసి వ్రాసిరి. చదువువానికి ఆ సంగతి ఏ ఋతువునాటిదో, ఏ యేటిదో తెలియును. జ్యేష్ఠమాసమున ఎండిన వాగు శ్రావణమున నెట్లుండునో తాను లెక్కించుకొనవచ్చును. మూడవది, యాత్రికుని రాకవలన వారికి వచ్చు లాభము లేదు. నాలుగవది, చదువువాని యవసరములును వారి యవసరములును ఒక్కటే. స్నానము, వంట, విడిది, దైవసేవ – వీనిని మనసున నుంచుకొని చూచిన కన్నులు వారివి. కావుననే సర్వేయరు చూడనివి వారికి కనబడినవి.

అయినను ఆ గ్రంథమునే మారుమాట లేక యనుసరించిన యాత్రికుడు చిక్కులు పడకపోడు. వీరాస్వామయ్యగారు పల్లకిలో పయనించిన సంపన్నులు. దొరలయొద్ద పలుకుబడి గలవారు. నూరుమందితో పోవువానిని చూచి దొంగ వెనుదీయును. కావడి భుజమున వేసికొని పోవు ఒంటి యాత్రికుని చూచి వెనుదీయడు. వారికి సుగమమైన మార్గము పేదవానికి దుర్గమము కావచ్చును. అట్లే, వారికి కష్టమైనది పేదవానికి సులభమగుటయు కలదు. నూరుమందికి చాలినన్ని బియ్యము దొరకని పల్లెలో ఇద్దరికి భిక్ష దొరకకపోదు. కావున చెప్పినవాడెట్టివాడో తెలిసికొని, తన స్థితితో సరిపోల్చుకొనిన పిదపనే ఆ మాటను ఆచరణలో పెట్టవలెను.

కాలము చేసిన మార్పును చూడుడు. వీరాస్వామయ్యగారు 1836లో పరమపదించిరి. శ్రీనివాసపిళ్ళగారు ఆ వ్రాతలను గ్రంథముగ 1838లో అచ్చువేయించిరి. శ్రీశైలయాత్ర నాటి దినములలో కందనూరు నవాబుల యేలుబడిలో నుండెను. గ్రంథ మచ్చయిన మరుసటి యేడే, 1839లో, ఆ నవాబు పదవి పోయెను. ప్రయాగ, గయ, పూరీ క్షేత్రములలో కంపెనీవారు యాత్రికులయొద్ద పుచ్చుకొనుచుండిన పన్ను 1840లో రద్దయ్యెను. నాగపుర రాజ్యము 1854లో కంపెనీవారి పాలయ్యెను. గ్రంథము రెండవసారి 1869లో అచ్చుపడునప్పటికి నాగపురమునకు రైలు వచ్చియుండెను. 1870లో జబ్బల్‌పురము వద్ద బొంబాయి, కలకత్తా మార్గములు కలిసిపోయినవి. 1900లో రాజమహేంద్రవరము కడ గోదావరిపై రైలువంతెన పూర్తియైన పిమ్మట, తెలుగు యాత్రికునకు రేవుదాటు చింతయు తీరినది. గ్రంథకర్త అసత్యమేమియు పలుకలేదు. ఆతడు చెప్పిన లోకమే మారిపోయినది. పాతదగుట తప్పగుట కాదు. కాని తేదీ చూడక చదువువానికి రెండును ఒక్క విధముగనే హాని చేయును.

రైలు వచ్చుటతో బాటసారికి మజిలీల సంగతి అక్కరలేకపోయెను. బండి వేళలు చాలునని తోచెను. ఆ వేళలు అచ్చుకాగితములలో దొరకినవి. అయినను దిగిన తరువాత ఎచ్చట బస చేయవలెను, ఎవని మాట నమ్మవలెను అను ప్రశ్నలు మునుపటివలెనే నిలిచినవి. వానికి సమాధానము మునుపటివలెనే, ముందు పోయివచ్చినవాని నోటినుండి రావలసియుండెను.

1941లో దిగవల్లి వేంకటశివరావుగారు కాశీయాత్ర చరిత్రను బెజవాడలో మూడవసారి ప్రకటించిరి. ఆనాటికి దాని నాధారము చేసికొని పల్లకిలో కాశికి పోవువా డొక్కడును లేడు. మరి దానిని ప్రజలేల చదివిరి? 1830లో మన పల్లెలెట్లుండెను, నీటివసతి యెట్టిది, ఏ సీమలో ఏ నాణెము చెల్లెను, సామాన్యజనులు ఏమి తినిరి అను సంగతులను అంత నమ్మకముగ చెప్పగల తెలుగు గ్రంథములు మిక్కిలి తక్కువ. రాజుల యుద్ధములను శాసనములు చెప్పును. బాటప్రక్క యంగడిని గూర్చి శాసనము వేయించినవాడు లేడు. వెనుక వచ్చు బాటసారికి ఉపకరించునని వ్రాసిన చిన్న సంగతులు, బాటసారికి పనికిమాలిన పిమ్మట, చరిత్రకారునకు నిధియైనవి.

కాబట్టి యాత్ర చేయగోరువారు పలువురి నడుగుట మంచిది. అడిగినపుడు ఎప్పుడు పోతిరి, ఎట్లు పోతిరి, కంట చూచితిరా చెవిని వింటిరా యని విచారించుట అంతకంటె మంచిది. పోయివచ్చినవారికిని ఒక ఋణము గలదు. తాము ఇతరుల మాటవలన సుఖముగ నడచిన దారిని గూర్చి తేదీతో, కష్టసుఖములతో, ఉన్నదున్నట్లు నాలుగు మాటలు వ్రాసి వెనుకవారికి అందజేయుటయే ఆ ఋణము తీర్చు విధము. వీరాస్వామయ్యగారు వ్రాసి తీర్చిరి. శ్రీనివాసపిళ్ళగారు మిత్రుని జాబులను పెట్టెలో దాచుకొనక అచ్చువేయించి తీర్చిరి.