ఒక ఎన్నిక, నలుగురు ముఖ్యమంత్రులు

ముందుగా చిన్న లెక్క. 31 నెలలు, 16 నెలలు, 7 నెలలు, మూడున్నర నెలలు. ఇవేవో మన కంపెనీల్లో జనాలు ఉద్యోగాలు మారిన లెక్కలు కావు :). 1978 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ఓటరు ఒక్కసారి ఓటేస్తే, ఆ ఒక్క ఓటు మీద రాష్ట్రాన్నేలిన నలుగురు ముఖ్యమంత్రుల పదవీకాలాలు.

ఎన్టీఆర్ 1983లో ఎందుకు గెలిచాడు అని ఎవర్నడిగినా రెండే జవాబులు వస్తాయి. సినిమా గ్లామరు, ఆత్మగౌరవం. రెండూ నిజమే. కానీ ఆ ముందు ఐదేళ్ళు ఏం జరిగిందో చూడకపోతే ఆ జవాబులు సగమే అర్థమవుతాయి. నా ఉద్దేశ్యంలో ఆ ఐదేళ్ళ కథ మన తరం బాగా తెలుసుకోవాల్సిన కథ. గెలిచిన పార్టీకి ఇంత మెజారిటీ ఉండి కూడా ఎందుకు కుదురుగా కూర్చోలేకపోయింది?

నేపథ్యం క్లుప్తంగా చెప్తాను. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన. వేలమంది పోయారు, ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. అది జరిగిన మూడు నెలలకి శాసనసభ ఎన్నికలు. అప్పటికి ఢిల్లీలో ఇందిరాగాంధీ ఓడిపోయి ఉన్నారు, 1978 జనవరిలో కాంగ్రెస్ మళ్ళీ చీలింది. రాష్ట్రంలో ముఖ్యమంత్రి వెంగళరావు గారు అవతలి కాంగ్రెస్‌లో ఉన్నారు. ఇందిర వైపు నిలబడి పార్టీని నడిపింది మర్రి చెన్నారెడ్డి. ఫలితం చూడండి: 294 స్థానాల్లో ఇందిరా కాంగ్రెస్‌కి 175, జనతాకి 60, అధికారంలో ఉన్న రెడ్డి కాంగ్రెస్‌కి 30. దేశమంతా ఇందిర పనైపోయింది అనుకుంటున్నప్పుడు ఆమెకి ఊపిరి పోసిన రాష్ట్రాలు కర్ణాటక, ఆంధ్రప్రదేశ్. 1980 లోక్‌సభ ఎన్నికల్లో అయితే 42కి 41 ఇచ్చారు మనవాళ్ళు. ఇంతకంటే ఓటరు ఇంకేమివ్వగలడు?

1978 మార్చి 6న చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. సమర్థుడే, పట్టున్నవాడే. కానీ సొంత పార్టీలోనే అసమ్మతి మొదలయ్యింది. అసమ్మతి అనేది ఆ రోజుల్లో ఒక పూర్తికాలపు ఉద్యోగం. ఎమ్మెల్యేలు ఢిల్లీ విమానం ఎక్కడం, ఆంధ్రా భవన్‌లో దిగడం, అమ్మగారి దర్శనం కోసం ఎదురుచూడటం. వాళ్ళు వెనక్కి రాగానే ముఖ్యమంత్రి తన వాళ్ళని తీసుకుని బయల్దేరడం. 1980 అక్టోబర్ 11న చెన్నారెడ్డి దిగిపోయారు, అంజయ్య వచ్చారు.

అంజయ్య గారు కార్మిక నాయకుడిగా ఎదిగిన మనిషి, సౌమ్యుడని పేరు. కేంద్రంలో కార్మిక శాఖ సహాయమంత్రిగా ఉన్నవారిని పంపారు. వచ్చాక అన్ని గ్రూపుల్నీ సంతృప్తిపరచాలి కదా? మంత్రివర్గాన్ని పెంచుకుంటూ పోయారు. 61 మంది! దాని పేరే జంబో మంత్రివర్గం అయిపోయింది. తరవాత తగ్గించాల్సి వచ్చింది. తగ్గిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, దిగినవాళ్ళందరూ కొత్త అసమ్మతివాదులు.

1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయం సంఘటన అందరికీ తెలిసిందే. అప్పటికి ఎంపీగా ఉన్న రాజీవ్ గాంధీకి స్వాగతం పలకడానికి అంజయ్య భారీగా జనాన్ని వెంటేసుకుని వెళ్ళడం, రాజీవ్ అందరి ముందూ ఆయన్ని మందలించడం. అదే నెల 24న అంజయ్య కుర్చీ దిగారు. ఆయన స్థానంలో భవనం వెంకట్రామ్ వచ్చారు. సెప్టెంబర్ 20న ఆయన కూడా దిగిపోతే కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. 1983 జనవరి 9న ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం దాకా ఆయన ఉన్నారు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. అంజయ్య కేంద్రం నుంచి వచ్చారు, భవనం శాసనమండలి సభ్యుడు, కోట్ల కర్నూలు ఎంపీ. అంటే 1978లో మనం గెలిపించి సభకి పంపిన 294 మందిలోంచి ఈ ముగ్గురిలో ఒక్కరూ రాలేదు. రాజ్యాంగం ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ ముఖ్యమంత్రిని ఎవరు నియమించారు అన్న ప్రశ్నకి జవాబు మాత్రం అందరికీ స్పష్టంగా తెలిసిపోయింది.

సరే, పైన కుర్చీలాట జరిగితే కింద జనానికి ఏం నష్టం? ప్రభుత్వోద్యోగులు ఉంటారుగా, పనులు జరుగుతూనే ఉంటాయిగా అనే వాదన ఒకటుంది. దీనికి శ్రీశైలం కథే జవాబు.

శ్రీశైలం ప్రాజెక్టుకి 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1981 వచ్చేసరికి జలాశయం నింపే సమయం వచ్చింది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణా తుంగభద్రల ఒడ్డున ఉన్న వంద దాకా ఊళ్ళు, సుమారు లక్షమంది జనం. ఆ వేసవిలో ఊళ్ళని ఖాళీ చేయించారు, ఇళ్ళు కూల్చేశారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి ఆలంపూర్ తీసుకెళ్ళి జాగ్రత్తగా కట్టారు. మంచి పనే. మనుషులకి మాత్రం ఆ జాగ్రత్త దొరకలేదు. నష్టపరిహారం కోసం కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. నిర్వాసిత కుటుంబానికో ఉద్యోగం అంటూ 1986లో జీవో 98 వచ్చింది. ఆ జీవో అమలు చెయ్యండి మహాప్రభో అని దశాబ్దాల తరవాత కూడా ధర్నాలు చేశారు.

ఈ పాపమంతా ముఖ్యమంత్రులు మారడం వల్లే అని నేననడం లేదు. భూసేకరణ చట్టమే అలాంటిది, అప్పటి అధికారుల ఆలోచనా అలాంటిదే. కానీ ఒక్కసారి ఆ రైతు వైపు నుంచి చూడండి. ఊరు కూల్చినప్పుడు ఒక ముఖ్యమంత్రి. అర్జీ రాసుకుని హైదరాబాద్ వచ్చేసరికి ఇంకొకరు. నీళ్ళు నిండి కరెంటు పుట్టేసరికి మరొకరు. ఎవర్ని నిలదీయాలి? మన ప్రాజెక్టుల్లో మేనేజరు మారితే కనీసం రెండు వారాలు నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ ఉంటుంది. అక్కడ కొత్తగా వచ్చినవాడి మొదటి పని పాతవాడి మనుషుల్ని ఏరెయ్యడం. ఇచ్చిన మాట ఫైల్లో ఉంటుంది, ఆ మాటకి బాధ్యుడు మాత్రం ఉండడు.

న్యాయంగా చెప్పుకోవాలంటే ఆ ఐదేళ్ళలో మంచి పనులూ ఉన్నాయి. 1970 తరవాత మళ్ళీ పంచాయితీ ఎన్నికలు 1981లో అంజయ్య హయాంలోనే జరిగాయి. భవనం ఉన్న ఏడు నెలల్లోనే, 1982 ఆగస్టులో, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో పుట్టింది. ఇప్పుడు అది అంబేద్కర్ గారి పేరుతో ఉంది. పగలు ఉద్యోగం చేస్తూ డిగ్రీ తెచ్చుకున్నవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమందో! ఏడు నెలల్లో అది సాధ్యమైతే, అరవై నెలలు బుద్ధిగా పని చేసి ఉంటే ఎంత జరిగేదో అనిపిస్తుంది నాకు.

అసలు జబ్బు ఎక్కడుంది? మన ఆఫీసుల్లో ఒక సూత్రం ఉంది కదా, మన అప్రైజల్ ఎవరు రాస్తారో మనం వాళ్ళ పనే చేస్తాం. అప్పటి ముఖ్యమంత్రికి అప్రైజల్ రాసేది ఓటరు కాదు, ఢిల్లీ. ఎమ్మెల్యేకి మంత్రి పదవి ఇచ్చేది నియోజకవర్గం కాదు, గ్రూపు. అందుకే బేగంపేటలో జరిగింది ఒక పెద్దమనిషికి జరిగిన అవమానం మాత్రమే కాదు. ఎవరు ఎవరికి జవాబుదారీయో అందరి ముందూ బయటపడిపోయిన రోజు అది. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలల్లో 200 పైచిలుకు సీట్లు గెలిచింది, కాంగ్రెస్ 60 దగ్గర ఆగిపోయింది.

ఇక్కడితో కథ సుఖాంతం అయ్యుంటే బాగుండేది. కానీ 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టారు. జనం రోడ్లెక్కితే నెలరోజుల్లో తిప్పుకోవాల్సి వచ్చింది. 1989లో 181 సీట్లతో గెలిచిన కాంగ్రెస్ మళ్ళీ ఐదేళ్ళలో ముగ్గుర్ని మార్చింది. చెన్నారెడ్డి, జనార్దనరెడ్డి, విజయభాస్కరరెడ్డి. 1994లో రెండు రూపాయల బియ్యం, మద్యనిషేధం అని ఓటేస్తే, 1995 సెప్టెంబర్ 1కి ముఖ్యమంత్రి మారారు. 1996లో బియ్యం మూడున్నర అయ్యింది, 1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానా పరిస్థితి వేరే చర్చ. కానీ ఓటరు ఏ మాటకి ఓటేశాడో ఆ మాట మార్చేముందు మళ్ళీ ఓటరునడిగినవాళ్ళు లేరు. ఢిల్లీ పార్టీ అయినా ఇంటి పార్టీ అయినా తేడా లేదన్నమాట.

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. 1985లో ఫిరాయింపుల చట్టం, బలం సభలోనే తేల్చుకోవాలన్న 1994 బొమ్మై తీర్పు, మంత్రుల సంఖ్య 15 శాతం దాటకూడదన్న 2003 సవరణ. 294 మంది సభకి 15 శాతం అంటే 44. అంజయ్య 61 ఇప్పుడు కుదరదు. అయినా రిసార్టులకి బస్సులు వెళ్తూనే ఉన్నాయి, ఒక పార్టీ గుర్తు మీద గెలిచి ఇంకో పార్టీ కండువా కప్పుకోవడం జరుగుతూనే ఉంది. చట్టం లెక్క సరిచూస్తుంది. జవాబుదారీతనాన్ని మాత్రం పుట్టించలేదు.

2024 మేలో ఓటెయ్యడానికి హైదరాబాదు, బెంగుళూరు నుంచి బస్సులూ రైళ్ళూ పట్టుకుని ఊళ్ళకి వెళ్ళినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. వేలు మీద సిరాతో ఫోటోలు దిగి, ఫలితాల రోజు టీవీకి అతుక్కుపోయి, ఆ తరవాత ఎవరికి ఏ శాఖ వచ్చిందో చర్చించుకున్నాం. ఆ తరవాత? మన ఎమ్మెల్యే సభలో ఏ ప్రశ్న అడిగాడో ఎప్పుడైనా చూశామా? 1978 ఓటరుకి ఇంటర్నెట్ లేదు, అర్జీ పట్టుకుని వచ్చేసరికి ముఖ్యమంత్రే మారిపోయేవాడు. మనకి ఆ సాకు లేదు.

అప్రైజల్ రాయాల్సినవాడు ఐదేళ్ళకోసారి నిద్ర లేస్తే, మధ్యలో ఆ పని ఇంకెవడో చేస్తాడు. కాదంటారా?