దిగువ కృష్ణా డెల్టాలో సంతానలేమి

గర్భనిరోధక సాధనాలేవీ వాడకుండా ఏడాదిపాటు కాపురం చేసినా గర్భం రాకపోతే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సంతానలేమిగా లెక్కిస్తుంది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుందని 2023లో ఆ సంస్థ అంచనా వేసింది. బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్లలో ఏడాది ఆగే ఓపిక చుట్టాలకు ఉండదు. పెళ్లయిన మూడో నెల నుంచే "ఏమైనా విశేషమా?" అని ఆరా తీస్తారు.

ఇక్కడి ప్రజారోగ్య వ్యవస్థ దశాబ్దాలుగా కాన్పులు తగ్గించడం మీదే దృష్టి పెట్టింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో సుమారు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నట్టు తేలింది. ఇద్దరు పుట్టగానే ఆపరేషన్ అయిపోయే వీధిలో పిల్లలు లేని ఇల్లు ఇట్టే కంటపడుతుంది. ఆ ఇంటి కోడలు శ్రీమంతాలకు, బారసాలలకు వెళ్లడం మానుకుంటుంది. పిలుపు రాకపోయినా బాధే, వచ్చినా బాధే.

చాలామంది మొదట వెళ్లేది మోపిదేవికి. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో పుట్టలో పాలు పోసి, సంతానం కోసం మొక్కుకుంటారు. డెల్టాలో సుబ్బారావులు, నాగేశ్వరరావులు, సుబ్బలక్ష్ములు ఇంతమంది ఉండటానికి ఇలాంటి మొక్కులూ ఒక కారణమే. మొక్కుకూ మందుకూ పేచీ లేదు, వయసు మీరనంతవరకు. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే వైద్యులను కలవాలి.

పరీక్షల్లో కనిపించే అన్యాయం వేరు. అండం సరిగా విడుదల కాకపోవడం, 'నీటి బుడగలు' అనే పీసీఓఎస్, క్షయ వంటి ఇన్ఫెక్షన్లతో ట్యూబులు మూసుకుపోవడం ఆడవారిలో ముఖ్య కారణాలు. దాదాపు సగం జంటల్లో మగవారి లోపం ఒంటరిగానో, భార్య సమస్యతో కలిసో ఉంటుంది. అన్నిటికన్నా చవకైన వీర్య పరీక్షే అన్నిటికన్నా ఆలస్యంగా జరుగుతుంది. ఈలోగా 'గొడ్రాలు' అన్న మాట ఆమె మీదే పడుతుంది.

మందులు, వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే ఐయూఐ ఫలించకపోతే, అండాన్ని ప్రయోగశాలలో ఫలదీకరించే ఐవీఎఫ్. సుమారు పదిరోజులు ఇంజెక్షన్లు, మధ్యమధ్య స్కానింగులు, అండాల సేకరణ, పిండం ప్రవేశపెట్టడం. ఆపై ఫలితం తెలిసేదాకా దాదాపు రెండు వారాల ఎదురుచూపు. ఇంజెక్షన్ల నొప్పి కన్నా ఈ రెండు వారాలే కష్టమంటారు. అవనిగడ్డ నుంచో, బందరు నుంచో విజయవాడలోని సంతాన సాఫల్య కేంద్రాలకు తిరిగే జంటలకు బస్సు చార్జీలు, పోయిన కూలీ అదనం. ఒక్క విడతకే లక్ష దాటవచ్చు. ఆయుష్మాన్ భారత్ ఈ చికిత్సలకు వర్తించదు. అందుకే వైద్యులు చాలించమనక ముందే డబ్బు చాలించమంటుంది.

2022 జనవరిలో అమల్లోకి వచ్చిన సహాయక పునరుత్పత్తి చట్టం ఇలాంటి కేంద్రాల రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేసింది. స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల పరిమితి పెట్టింది. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన మహిళకు ఐవీఎఫ్‌తో కవలలు పుట్టిన సంఘటన నేటి చట్టం ప్రకారం సాధ్యం కాదు.