మిగులు నీళ్లు, పడోసి హక్కు

అనంతపురం జిల్లాలో మా పొలం పక్క రైతు బోరు ఒక ఏడాది మాఘమాసంలో ఎండిపోయింది. చెనక్కాయ ఊడలు దిగే అదను. ఆయన మా ఇంటికొచ్చి, "సాయిబన్నా, రెండు తడులు ఇడిస్తే చాలు, గింజ చేతికొస్తాది" అని అబ్బాను అడిగాడు. మా బోరులో మూడించుల నీళ్లు. మా మడి తడిసినాక మిగిలేవి కూడా. అయినా అబ్బా "మా నీళ్లు, మా మర్జీ" అన్నారు. ఆ పైరు మాడిపోయింది. నేను అక్కడే ఉండి ఖామోష్‌గా చూశాను.

ఆ ఖామోషీ నన్ను కితాబుల దగ్గరికి తీసుకెళ్లింది.

మిగులు నీళ్లు ఆపి, దాని బహానాతో గడ్డిని ఆపొద్దని ప్రవక్త (స) మనా చేసిన హదీసు బుఖారీలో, ముస్లింలో ఉంది. దీని వెనక ఎడారి లెక్క ఉంది. గడ్డి అందరిదీ, బావి ఒకడిది. దప్పిక తీరే దారి లేకపోతే మంద ఆ చుట్టుపక్కల మేయలేదు. అంటే బావి ఉన్నవాడు నీళ్లు ఆపితే చాలు, తనది కాని గడ్డికి కూడా మాలిక్ అయిపోతాడు.

తర్వాత ఫుఖహా ఈ హక్కును రెండు చేశారు. హక్కె షఫా అంటే మనిషీ, పశువూ తాగే హక్కు. హక్కె షిర్బ్ అంటే పైరుకు పారించుకునే హక్కు. తాగడానికి మిగులు నీళ్లు కాదనకూడదు. పైరుకు మాత్రం మన హనఫీ మజ్‌హబ్‌లో బావి మాలిక్ ఇవ్వాలన్న మజ్బూరీ లేదు. షాఫయీలదీ ఇదే మాట. ఈ లెక్కన అబ్బా కానూన్ దాటలేదు.

అయితే మదీనాలో ఇమామ్ మాలిక్ (వఫాత్ 795) మజ్‌హబ్ ఇంకో అడుగు ముందుకేసింది. పడోసి తన బావిని నమ్ముకుని విత్తాడు, ఆ బావి కూలింది, పైరు నిలబడి ఉంది. అప్పుడు మిగులు నీళ్లు ఇవ్వాల్సిందే. షరతులూ ఉన్నాయి: బావి మాలిక్ అవసరం ముందు తీరాలి, పడోసి తన బావిని బాగుచేసుకునే పనిలో ఉండాలి, అది బాగయ్యేదాకే ఈ హక్కు. అడిగేవాడి మీద కూడా జిమ్మేదారీ పెట్టారన్నమాట.

మదీనా హర్రా కాలువ దగ్గర హజ్రత్ జుబైర్ (రజి)కూ, ఒక అన్సారీకీ తగాదా వచ్చింది. జుబైర్‌ది ఎగువ పొలం. నీళ్లు పెట్టుకుని పడోసికి వదిలెయ్యమని ప్రవక్త (స) మొదట చెప్పారు. మీ మేనత్త కొడుకని కదా ఈ తీర్పు అని అన్సారీ తప్పుపట్టాడు. అప్పుడు ప్రవక్త (స), నీళ్లు గట్టుదాకా నిండేవరకు ఆపుకోమని జుబైర్‌కు పూర్తి హక్కు ఇచ్చారు. మొదటి మాట ఎహసాన్, రెండోది ఇన్సాఫ్. మా అబ్బా రెండోదాన్నే పట్టుకున్నారు.

మన దేశంలో 1882 ఈజ్‌మెంట్ చట్టం భూమి కింది నీళ్ల మీద హక్కు భూమి మాలిక్‌కే ఇచ్చింది. 2002లో వాల్టా చట్టం వచ్చి బోర్ల మీద కొన్ని అదుపులు పెట్టింది. కానీ చెరువు నీళ్లకు నీరుగంటి ఉండేవాడు, ఎవరి మడికి ఎంత అని తేల్చేవాడు. బోరుకు నీరుగంటి లేడు. పైగా రాతి పగుళ్లకు గట్లు తెలియవు. మా బోరు లోతు, ఆయనది తక్కువ. మేం మిగులు అనుకున్న నీళ్లలో ఆయన నీళ్లు ఎన్ని ఉన్నాయో ఎవరు హిసాబ్ చెప్తారు?

అబ్బా మీద ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. ఆయన ఇప్పుడు లేరు, అల్లాహ్ మగ్‌ఫిరత్ చేయుగాక. ఈ ఏడాది ఆ రైతు కొడుకు అదే మాట అడిగాడు. పైపు వేసుకోమన్నాను. మా మడి తడిసినాక తీసుకో, నీ బోరు బాగుచేయించుకో, వచ్చే కారుకు నా నీళ్లు నమ్మి విత్తొద్దు అని చెప్పాను. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అది సదఖా అని అనుకోవడానికి కూడా నాకు జంకుగానే ఉంది. పాత బాకీ ఏదో ఉన్నట్టుంది.