పాత సూపర్‌హీరో కామిక్ పుస్తకాల సేకరణ – కర్తృత్వ నిర్ధారణ

అమెరికాలో పాత సూపర్‌హీరో కామిక్ పుస్తకాల ప్రస్తావన వస్తే వేలం ధరలే ముందుగా చర్చకు వస్తాయి. సూపర్‌మాన్ పాత్రను పరిచయం చేసిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక 1938 జూన్ తేదీతో వెలువడింది. అప్పటి వెల 10 సెంట్లు. 2024లో దాని ప్రతి ఒకటి 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అయితే సేకరణ చరిత్రలో ధర చాలా ఆలస్యంగా ప్రవేశించిన అంశం. తొలితరం సేకర్తలు ప్రధానంగా చదువరులు. వారు దాచిన ప్రతులే మరుగున పడిన రచయితల, చిత్రకారుల పేర్లు వెలికితీయడానికి ఆధారాలయ్యాయి. సేకరణకూ కర్తృత్వ నిర్ధారణకూ గల ఈ సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

పారవేత – అరుదుతనం

ఈ పుస్తకాలు పుట్టినప్పుడు అరుదైనవి కావు. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక సుమారు రెండు లక్షల ప్రతులు అచ్చయిందని అంచనా. నేడు మిగిలినవి వందకు అటూఇటుగా ఉంటాయని సేకర్తల లెక్క. ఈ క్షయానికి కారణాలు పలు విధాలు. చవకబారు కాగితంలోని లిగ్నిన్ కాలక్రమంలో ఆమ్లంగా మారి పుటలను పసుపుబార్చి పెళుసు చేస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పిల్లలు ఇంటింటా తిరిగి పాత కాగితాన్ని పోగుచేసినప్పుడు కామిక్ పుస్తకాలూ ఆ కుప్పల్లో చేరాయి. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్ వంటి చోట్ల వీటిని బహిరంగంగా తగులబెట్టారు. మనోవైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థామ్ 1954లో ప్రచురించిన గ్రంథం ఈ పుస్తకాలు బాలలను నేరాలకు ప్రేరేపిస్తాయని వాదించింది. అదే ఏడాది సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ఇటువంటి వాతావరణంలో వీటిని దాచుకోవడం గౌరవప్రదమైన వ్యాసంగంగా ఉండే అవకాశం లేదు.

అజ్ఞాత కర్తలు

తొలినాటి సంచికలలో చాలా కథలకు రచయిత పేరు ఉండేది కాదు. ఉన్నా అది సంపూర్ణం కాకపోవచ్చు. 1939 మే తేదీతో వచ్చిన ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో బ్యాట్‌మాన్ పాత్ర తొలిసారి కనిపించింది. దానిపై ఉన్నది బాబ్ కేన్ పేరొక్కటే. ఆ కథ రాసినవాడు, పాత్ర రూపకల్పనలో ప్రధాన భాగస్వామి బిల్ ఫింగర్.

1960ల ఆరంభంలో సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్ పాఠకుల లేఖలను పూర్తి చిరునామాలతో ప్రచురించడం వల్ల దూరదూరాన ఉన్న అభిమానులు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోగలిగారు. డెట్రాయిట్ అధ్యాపకుడు జెర్రీ బెయిల్స్ 1961లో ‘ఆల్టర్ ఈగో’ అనే అభిమాన పత్రికను ప్రారంభించాడు. పాత సంచికలను పోల్చి, గీతల తీరునుబట్టి చిత్రకారులను గుర్తించి, వృద్ధులైన కర్తలను ప్రశ్నించి బెయిల్స్ వంటివారు సూచికలు తయారుచేశారు. 1965లో న్యూయార్క్ అభిమానుల సమావేశానికి ఫింగర్ హాజరైన తరువాత, బ్యాట్‌మాన్ సృష్టిలో అతని పాత్రను వివరిస్తూ బెయిల్స్ వ్యాసం రాశాడు. కేన్ బహిరంగ లేఖలో దానిని ఖండించాడు. ఫింగర్ 1974లో మరణించాడు. ప్రచురణ సంస్థ అతని పేరును అధికారికంగా చేర్చింది 2015లో. పండిత లోకం పట్టించుకోని ఒక ముద్రిత సాహిత్యానికి పాఠపరిష్కర్తల వంటి పనిని సేకర్తలు చేశారనడానికి ఇది బలమైన నిదర్శనం.

వెల పట్టిక – ప్లాస్టిక్ పెట్టె

1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ తొలి ధరల సూచికను ప్రచురించాడు. సంచికల వివరాలను క్రమబద్ధం చేసిన ఆ గ్రంథమే వాటిని పెట్టుబడిగా చూసే దృష్టికీ దోహదం చేసింది. 1990లలో ఈ ధోరణి పరాకాష్ఠకు చేరింది. 1991 నాటి ‘ఎక్స్-మెన్’ మొదటి సంచిక వివిధ ముఖచిత్రాలతో 80 లక్షల ప్రతులకు మించి వెలువడింది. భవిష్యత్ లాభం కోసం లక్షలమంది దాచిన సంచిక అరుదు కాలేదు. కనుక దాని వెల పెరగలేదు. మార్కెట్ కుప్పకూలింది. 1996 చివర మార్వెల్ సంస్థ దివాలా రక్షణ కోరింది. నలుగురూ పారవేసినప్పుడు కొందరు దాచడం వల్లనే పాత సంచికలకు విలువ వచ్చిందనే సత్యం ఈ పతనంతో స్పష్టమైంది.

2000లో మొదలైన సర్టిఫైడ్ గ్యారంటీ కంపెనీ ప్రతి స్థితిని 10 పాయింట్ల కొలమానంపై నిర్ణయించి, పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తుంది. నకిలీల నుండి, రహస్యపు మరమ్మతుల నుండి కొనుగోలుదారుకు ఇది రక్షణ. కానీ పెట్టె తెరిస్తే ఆ ధ్రువీకరణ చెల్లదు. ముఖచిత్రం మాత్రం కనిపిస్తుంది. కథ, ప్రకటనలు, పాఠకుల లేఖలు అందవు. బెయిల్స్ తరం పుటలు తిప్పి సాధించిన పరిశోధన ఆ ప్రతిపై సాధ్యం కాదు.

ముగింపు

సూపర్‌మాన్ సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో ఆ పాత్రపై హక్కులను 130 డాలర్లకు వదులుకున్నారు. 1975లో ప్రజల సానుభూతి కూడగట్టిన తరువాతనే వారికి వార్షిక భృతి, ముద్రణలో పేరు లభించాయి. ఆ 130 డాలర్లను చెల్లించిన చెక్కు 2012 వేలంలో 1,60,000 డాలర్లు పలికింది. కర్తలకు జరిగిన అన్యాయానికి సాక్ష్యమైన కాగితం సైతం సేకరణ వస్తువుగా మారడం ఈ చరిత్రలోని వైరుధ్యాన్ని సూచిస్తుంది. సేకరణ సాక్ష్యాన్ని కాపాడుతుంది. ఆ సాక్ష్యం ఎవరి పక్షాన మాట్లాడుతుందో తేల్చేది చదువరే. అందువల్ల పాత కామిక్ పుస్తకాల సేకరణను వేలం ధరలతో కాక, అది వెలికితెచ్చిన పేర్లతో అంచనా వేయడం సముచితం.