వృద్ధాప్య కండర క్షీణత

వృద్ధాప్య కండర క్షీణత లేదా సార్కోపీనియా అనగా వయసు పైబడినకొద్దీ అస్థికండరాల పరిమాణము, బలము, పనితీరు క్రమంగా తగ్గిపోవడం. నేలమీద కూర్చున్నవారు చేయి ఊనక లేవలేకపోవడం, నిండు బిందె ఎత్తలేకపోవడం, మెట్లు ఎక్కడానికి కమ్మీ ఆసరా కావలసిరావడం దీని తొలి గుర్తులు. వీటిని "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోవడమే మన ఇళ్ళలో పరిపాటి. తూకం చూసి దీనిని పసిగట్టలేము. కండ తగ్గినచోట కొవ్వు చేరడం వలన శరీర బరువు మారకపోవచ్చు.

పేరు

గ్రీకు భాషలో సార్క్స్ అనగా మాంసం, పీనియా అనగా లేమి. ఈ రెండు పదాలను కలిపి 1989లో అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ ఈ పేరు పెట్టాడు. 2016లో అమెరికాలో వాడే రోగాల వర్గీకరణలో దీనికి ప్రత్యేక సంకేతం లభించింది. కండ తగ్గేదానికన్నా బలం తగ్గే వేగం ఎక్కువ. అందుచేత బలహీనతను వేరుగా చూడాలని వాదిస్తూ 2008లో క్లార్క్, మానిని అనే పరిశోధకులు దానిని డైనపీనియా అన్నారు.

నాడి, కండరం కలిసే చోటు

బలం ఎందుకు ముందుగా తగ్గుతుందో తెలియాలంటే నాడీ కండర సంధిని గురించి తెలుసుకోవాలి. కండరాన్ని కదిలించే చాలక నాడీకణాలు ఎక్కువగా వెన్నుపాములో ఉంటాయి. ఒక్కొక్క కణం నుండి బయలుదేరిన పోగు కండరంలో కొమ్మలుగా చీలి అనేక తంతువులను చేరుతుంది. కంటిని తిప్పే కండరాలలో ఒక నాడీకణం కింద కొద్ది తంతువులే ఉంటే, పిక్క కండరంలో వెయ్యికి పైగా ఉండవచ్చు. నాడీకణము, దాని ఏలుబడిలోని తంతువులు కలిసి ఒక చాలక ప్రమాణం అవుతాయి. నాడి కొస నుండి అసిటైల్‌కొలీన్ అనే రసాయనం విడుదలై, ఎదురుగా తంతువుపైనున్న గ్రాహకాలకు అంటుకొన్నప్పుడు తంతువు సంకోచిస్తుంది.

టామ్లిన్‌సన్, ఇర్వింగ్ అనే పరిశోధకులు మరణించినవారి వెన్నుపాములలో కాళ్ళకు సంబంధించిన చాలక నాడీకణాలను లెక్కించి 1977లో ఫలితాలు ప్రకటించారు. అరవై ఏళ్ళ వరకు చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు. ఆపైన సంఖ్య తగ్గుతూ వచ్చింది. నాడీకణం నశిస్తే దాని తంతువులు అనాథలవుతాయి. అప్పుడు పక్కనున్న నాడీపోగు కొత్త మొలక వేసి వాటిని తన కిందికి తెచ్చుకుంటుంది. ఒక ఉపాధ్యాయుడు వెళ్ళిపోతే పక్క తరగతి ఉపాధ్యాయుడే రెండు తరగతులనూ చూసుకున్నట్లన్నమాట. ఈ సర్దుబాటు వలన చాలాకాలం లోటు బయటపడదు. కాని దానికీ హద్దు ఉంది. ఎవరూ చేరదీయని తంతువులు కృశించి నశిస్తాయి. పైగా చేరదీసేవి ఎక్కువగా నిదాన తంతువుల నాడులే కావడం వలన వేగ తంతువులు నిదాన తంతువులుగా మారిపోతాయి. కాలు తట్టుకొన్నప్పుడు క్షణంలో నిలదొక్కుకోవడానికి కావలసినవి ఆ వేగ తంతువులే. వృద్ధులు తరచు పడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ముసలి ఎలుకలలో ఈ సంధులు ముక్కలుముక్కలుగా విడిపోతాయి. వ్యాయామం, మితాహారం ఈ మార్పును తగ్గిస్తాయని 2010లో హార్వర్డ్ పరిశోధకులు చూపారు. ఎలుకలలో కనబడినదంతా మనిషికి వర్తిస్తుందనుకోరాదు. శస్త్రచికిత్సలో తొలగించిన కాళ్ళ కండరాలను పరిశీలించిన ఎడిన్‌బరో బృందం, మనిషి సంధులు రూపంలో వేరని, వయసుతో పెద్దగా మారవని 2017లో తెలిపింది. కనుక మనిషిలో లోపం సంధిలోనే మొదలవుతుందా, వెన్నుపాములోనా అన్న చర్చ ముగియలేదు.

హార్మోనుల తగ్గుదల, దీర్ఘకాలిక వాపు, మధుమేహం, తిన్న మాంసకృత్తులను కండగా మార్చుకొనే శక్తి మందగించడం ఇతర కారణాలు.

గుర్తించడం

ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం పిడికిలి పట్టు పురుషులలో 28 కిలోలకు, స్త్రీలలో 18 కిలోలకు తక్కువైతే బలం తగ్గినట్లే. చేతులు ఊనకుండా కుర్చీలోనుండి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు లేక అంతకన్నా ఎక్కువ పడితే శరీర సామర్థ్యం తగ్గినట్లు. రెండవ పరీక్షకు గోడ గడియారం చాలు.

మంచాన పడటం

జ్వరమో, ఎముక విరగడమో వచ్చినపుడు "కదలకుండా పడుకో" అనే సలహా వృద్ధులకు చేటు చేయవచ్చు. సగటున 67 ఏళ్ళున్న ఆరోగ్యవంతులను పది రోజులు మంచంమీదనే ఉంచిన అధ్యయనంలో (2007) వారి కాళ్ళలో దాదాపు ఒక కిలో కండ తరిగిపోయింది. కనుక వైద్యుడు అనుమతించిన వెంటనే లేపి నడిపించాలి.

నివారణ

ఈ స్థితికి ప్రత్యేకించి ఆమోదం పొందిన మందు లేదు. బరువులతో చేసే వ్యాయామమే ప్రధాన చికిత్స. నడక మంచిదే గాని అది ఒక్కటే చాలదు. 1990లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో బోస్టన్ నగరంలో తొంభై ఏళ్ళ వయసున్న పదిమంది బలహీన వృద్ధులచేత ఎనిమిది వారాలు తొడ కండరాలకు బరువుల వ్యాయామం చేయించగా, వారి బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ పెరిగింది సుమారు 9 శాతమే. కండ పెరిగినదానికన్నా బలం ఇంతగా పెరగడంలో నాడుల పాత్ర ఉన్నదని భావిస్తారు.

ఆహారంలో మాంసకృత్తులు తగినంత ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు సూచించాయి. వృద్ధులకు 1 నుండి 1.2 గ్రాములు అవసరమని 2013లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం అభిప్రాయపడింది. రాత్రిపూట మజ్జిగ అన్నంతో సరిపుచ్చుకొనే మన పెద్దలకు ఇది అందడం కష్టం. పప్పు, గుడ్డు, పాలు, చేపలను మూడు పూటలకూ పంచుకోవడం మేలు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగిన తరువాతనే మాంసకృత్తులు పెంచాలి.